చక్రం ఎంత దిగితే పైపు అంత ఉండాల

కువైట్‌లో ఎండలు తగ్గి నవంబరు దగ్గర పడేసరికి మా గ్యారేజీ కాడ బండ్లు బారు తీరతాయి. నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా ఎడారిలో గుడారాలు వేసుకునేదానికి సర్కారు అనుమతి ఇస్తుంది. కువైటోళ్లకు అదే పండగ కాలం. నిస్సాన్ ప్యాట్రోల్ గానీ ల్యాండ్ క్రూజర్ గానీ ఉన్న కుర్రోళ్లంతా అప్పుడే వచ్చి, బండి ఎత్తు పెంచు, టైర్లు పెద్దవి వెయ్యి, బ్రేకులకు స్టీలు అల్లిక పైపులు వెయ్యి అంటారు. షువైఖ్ పారిశ్రామిక వాడలో నా పని ఇదే.

మా కడప నుంచి పోయినోళ్లలో చానామంది ఇండ్లల్లో డ్రైవర్లుగా, వంటోళ్లుగా కుదురుకుంటారు. నాకు చేతిలో మెకానిక్ పని ఉండబట్టి గ్యారేజీ దొరికింది. పని నేర్పించిన ఉస్తాద్ పెషావర్ ఆయన. కడప పాత బస్టాండు కాడ షెడ్లలో విని నేర్చుకున్న ఉర్దూతోనే ఆయన దగ్గర అన్నీ అడిగి తెలుసుకున్నా. ఆయన పైపును చేతికి ఇచ్చే ముందు నన్ను బండి కింద పడుకోబెట్టేవాడు. "ముందు చక్రం ఎట్ల కదులుతుందో చూడు, పైపు సంగతి తర్వాత" అనేవాడు. ఎన్ని బండ్లు చూసినా నాకు ఇప్పటికీ మొదటి పాఠం అదే.

కంపెనీ నుంచి వచ్చే బండికి బ్రేకు హోసు, అంటే బ్రేకు ఆయిలును చక్రం దాకా చేర్చే మెత్తటి పైపు, రబ్బరుది. లోపల నూలు పొరలు ఉంటాయి. పెడల్ గట్టిగా తొక్కితే ఆయిలు ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటిపోతుంది. ఆ ఒత్తిడికి రబ్బరు కొంచెం ఉబ్బుతుంది. కాలు పెట్టిన బలంలో కొంత ఆ ఉబ్బుకే సరిపోతుంది, చక్రం కాడ బ్రేకును బిగించే క్యాలిపర్‌కు చేరేది ఆలస్యమవుతుంది. కొత్త హోసులో ఇది పెద్దగా తెలియదు. ఎండకు ఎండి పగుళ్లు పట్టిన పాత హోసులో బాగా తెలుస్తుంది. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న లెక్క అది. అట్లాంటి ఎండలో ఏడాదుల తరబడి నిలబడిన రబ్బరు ఏమైతుందో నేను కళ్లారా చూసినా. మడిస్తే మీద గీతలు గీతలుగా తెరుచుకుంటుంది.

స్టీలు అల్లిక పైపులో లోపలి గొట్టం టెఫ్లాన్‌ది. దాని చుట్టూ తుప్పు పట్టని సన్న తీగలను జడ మాదిరి అల్లి ఉంటారు. అందుకే అది ఉబ్బదు. తొక్కిన మేరకు పట్టు దొరుకుతుంది, పెడల్ గట్టిగా, నమ్మకంగా ఉంటుంది. మెరిసే పైపు వేస్తే బండి తక్కువ దూరంలో ఆగుతుందని అనుకునేవాళ్లు ఆడా ఉండారు, ఈడా ఉండారు. అది నిజం కాదు. చక్రం బిగుసుకుపోయే దాకా తొక్కే బలం పాత హోసుతో కూడా వస్తుంది. ఎంత దూరంలో ఆగాలనేది టైరూ నేలా తేల్చేది. స్టీలు పైపు ఇచ్చేది కాలికి తెలివిడి మాత్రమే. ముత్లా గుట్టల్లో రాళ్ల మీద బండిని అంగుళం అంగుళం దించుతున్నప్పుడు ఆ తెలివిడికి చానా విలువ ఉంటుంది.

అసలు సంగతి పొడవు. బండిని నాలుగు అంగుళాలు ఎత్తితే చక్రం పాత దానికంటే కిందికి వేలాడుతుంది. పాత హోసు అంత దూరం రాదు. రోడ్డు మీద నడిచినన్ని దినాలు ఏమీ కనపడదు. గుంతలో ఒక చక్రం వేలాడి ఇంకో చక్రం పైకి పోయినప్పుడు పైపు లాగి పట్టుకుంటుంది. అప్పుడు పైపు తెగితే ఆ సర్క్యూట్‌లో, అంటే ఆ ఆయిలు దారిలో ఉన్న చక్రాలకు, బ్రేకే ఉండదు. అందుకని మేము చాసీని స్టాండ్ల మీద నిలిపి చక్రాలను పూర్తిగా వేలాడదీస్తాం. ఒక పక్క జాకీతో పైకి నెట్టి, ఇంకో పక్క కిందికి వదిలి చూస్తాం. స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి చూస్తాం. అన్ని కోణాల్లోనూ పైపుకు ఇంకా కాస్త వదులు మిగలాల. చక్రం దిగేది షాక్ అబ్జార్బర్ దగ్గర ఆగాల గానీ పైపు దగ్గర ఆగకూడదు. అట్లని మరీ పొడుగు వేసినా తంటానే. బండి కిందికి కూర్చున్నప్పుడు ఆ మిగులు టైరుకో స్ప్రింగుకో తగులుతుంది.

తగిలితే రబ్బరు అరిగిపోతుంది. స్టీలు మాత్రం తనకు తగిలినదాన్ని కోస్తుంది. ఒకసారి వేరే చోట పైపులు వేయించుకున్న బండి మా దగ్గరికి వచ్చింది. పైపు, బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్ వైరును రాసుకుంటా రాసుకుంటా రాగి తీగ దాకా పోయినాది. ఆ పైపు మీద ప్లాస్టిక్ తొడుగు కూడా లేదు. ఎడారి బండికి తొడుగు లేని పైపు వేయకూడదని నేను గట్టిగా చెప్తా. సన్న ఇసుక తీగల సందుల్లోకి పోయి కూర్చుంటుంది. బండి కదిలినప్పుడల్లా లోపలి టెఫ్లాన్‌ను గీకుతా ఉంటుంది. బయటికి పైపు తళతళ మెరుస్తానే ఉంటుంది, లోపల సన్నబడేది ఎవరికీ కనపడదు. రబ్బరు హోసు పగిలి ముందుగా చెప్తుంది, స్టీలు చెప్పదు. అందుకే సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ దాన్ని చేత్తో తడిమి చూడాల.

మరలు ఇంకో తగులాటం. జపాన్ బండ్లకు బ్రేకు పైపు మర ఎక్కువగా 10 మిల్లీమీటర్లది. పాత అమెరికా బండ్లకు అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే 9.52 మిల్లీమీటర్లు. ఈ రెండోది మొదటి దాంట్లో తిరుగుతుంది, వదులుగానే అయినా పట్టినట్టే ఉంటుంది. గట్టిగా తొక్కిన నాడు ఊడి వస్తుంది. కువైట్‌లో రెండు దేశాల బండ్లూ ఒకే షెడ్డులో ఉంటాయి గాబట్టి ఉస్తాద్ రెండు రకాల మరలను రెండు వేరే డబ్బాల్లో పెట్టించినాడు. నడిమి బెజ్జంలో నుంచి ఆయిలు పోయే బ్యాంజో బోల్టు విప్పితే రాగి వాషర్లు కొత్తవే వేయాల, పాతవి వద్దు. పైపులు ఎక్కినాక ఆయిల్లో చేరిన గాలి తీసి, ఒకరు పెడల్‌ను బలంగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు లైటు పట్టుకుని ప్రతి జాయింటూ చూడాల. ఆ చెమ్మ చూసే పనిని నేను ఎవరికీ అప్పజెప్పను.

పాత ల్యాండ్ క్రూజర్లలో వెనక యాక్సిల్‌కు ఒక వాల్వు ఉంటుంది, బరువును బట్టి వెనక బ్రేకుకు ఆయిలు పంచేది. బండి ఎత్తు పెంచితే ఆ వాల్వు వెనక బరువు లేదనుకొని బ్రేకు తగ్గిస్తుంది. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి పైపు వేసినా పని సగమే.

ఎండాకాలంలో పనే కష్టం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఆడ నిబంధన ఉంది. మాది రేకుల కింద పని, ఆగదు. స్పానర్ పట్టుకుంటే అరచెయ్యి కాలుతుంది. రాత్రి జిలీబ్‌లో రూముకు పోయినాకనే ఇంటికి ఫోను.

ఈ మధ్య అట్లా ఫోను చేస్తే మా బామ్మర్ది అందుకున్నాడు. థార్ కొన్నాడు. కడప నుంచి రాయచోటికి వారం వారం పోయొస్తాడు.

"బావా, గువ్వలచెరువు ఘాటు దిగేసరికి పెడల్ మెత్తబడతాంది. నువ్వు ఆడ వేస్తావే, ఆ స్టీలు పైపులు తెచ్చియ్యి."

"మెత్తబడేది మొదట్నుంచీనా, ఘాటు దిగినాకనా?"

"దిగినాకనే. కోవా అంగడి కాడ అర్ధగంట నిలబెడితే మళ్లీ మామూలే."

అంటే అది పైపు తప్పు కాదు, వేడి. ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండి అది. ఘాటంతా బ్రేకు మీద కాలు పెట్టుకొని దిగితే ఆయిలు ఉడుకుతుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిలుకు కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి 230 డిగ్రీలన్నా ఉండాల, నీళ్లు పట్టిన తర్వాత 155 ఉంటే చాలు. డాట్ 3 అయితే 205, 140. ఉడికిన చోట ఆవిరి బుడగ పుడుతుంది, పెడల్ దాన్ని నొక్కుతా ఉంటుంది. పైపు స్టీలుదైనా బుడగ బుడగే. రెండేండ్లకు ఒకసారి ఆయిలు మార్చు, ఘాటు దిగేటప్పుడు కింది గేరులో దిగు, ఇంజినే బండిని పట్టుకుంటుంది అని చెప్పినా.

వాడు వదల్లేదు. వచ్చే ఏడు బండిని రెండు అంగుళాలు ఎత్తి గండికోట పక్క తిప్పాలంటాడు. ఎత్తితే వెనక యాక్సిల్ హోసు పొడుగు చూడాల్సిందే, అప్పుడు స్టీలుదే వేద్దాం అన్నా. ఏ స్ప్రింగులు వేస్తాడో అవి వేసినాక, బండిని స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలు వేలాడదీసి, చాసీ మీది మూల నుంచి యాక్సిల్ మీది మూల దాకా దారం పెట్టి కొలిచి పంపమన్నా. ముందు రెండు చక్రాలకు స్టీరింగు రెండు పక్కలకూ తిప్పి కొలవాల. ఆ కొలతలు, పాత హోసు మరల ఫొటోలు చేతికొచ్చినాకనే నేను షువైఖ్‌లో పైపులు కొనేది.