మూడున్నర కిలోల గడ, మొండికేసిన భుజం: నా అనుభవం

నేలమీద నిలబడి, నీరు పారే పొడవాటి గడతో పై అంతస్తుల అద్దాలు కడగడం నా వృత్తి. ఆ పనివల్ల భుజమూ మణికట్టూ దెబ్బతింటాయని వైద్యుడికి నచ్చజెప్పవలసిన అవసరం రాలేదు, ఫిజియోథెరపిస్టుకైతే నేను నోరు విప్పకముందే అర్థమైంది. నేను పనిచేసే సంస్థ కార్యాలయాన్ని ఒప్పించేసరికి మాత్రం తలప్రాణం తోకకు వచ్చింది. ఆ వ్యవహారం ఈమధ్యే ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి, కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను.

మొదట రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చెయ్యి విదిలిస్తే సర్దుకునేది. ఆ తరువాత భుజం మొదలుపెట్టింది. చెయ్యి పక్కకు ఎత్తుతుంటే సగం దారిలో పోటు వచ్చేది, ఆ మేర దాటించి పూర్తిగా పైకెత్తితే తగ్గేది. వైద్యుడు మణికట్టును వంచి ఒక నిమిషం అలాగే ఉంచమన్నారు, నిమిషం పూర్తికాకముందే వేళ్లు మొద్దుబారాయి, నరాల పరీక్షలో కూడా అదే తేలింది. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ నడుమ ఉండే ఇరుకు దారిలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్‌లూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మీడియన్ నరమూ కలిసి వెళ్తాయనీ, మణికట్టు వంచి పిడికిలి బిగించినప్పుడల్లా ఆ నరం మీద ఒత్తిడి పెరుగుతుందనీ, దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారనీ వివరించారు. భుజంలో రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలలో పైనున్నదాని టెండాన్ భుజపు కొన ఎముక కింద ఒరుసుకుంటోందనీ, చెయ్యి సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే నొప్పి పుట్టడం దాని లక్షణమనీ చెప్పారు. రాత్రి మణికట్టుకు పట్టీ కట్టుకోమని చెప్పి, భుజం ఎత్తుకు మించి చేతులు పెట్టి చేసే పని తగ్గించాలనీ, తేలికైన గడ ఇప్పించాలనీ ఒక చీటీ రాసిచ్చారు.

అసలు కథ ఆ చీటీతోనే మొదలైంది.

చీటీ చూసిన సూపర్‌వైజరు, వైద్యులు ఇలాంటివి అడిగినవారికల్లా రాసిస్తారని తేల్చేశారు. తేలిక గడ కావాలంటే పని పరిశీలన జరగాలనీ, దానికి ఫారం ఉందనీ, పరిశీలకుడు వచ్చి చూస్తాడనీ అన్నారు. పరిశీలకుడు చాలా ఆలస్యంగానే అయినా ఒకనాడు వచ్చాడు, చేతిలో ఫారం, వెంట ఒక తూకపు యంత్రం. గడను పూర్తిగా ముడిచి, గొట్టం విప్పించి, ఆరిన బ్రష్‌తో సహా ఆ యంత్రం మీద పడుకోబెట్టించాడు. 3.5 కిలోలు అని రాసుకున్నాడు. ఆ ముడిచిన గడనే నన్ను రెండు చేతులతో నిటారుగా పట్టుకోమని, ఫోనులో గడియారం పెట్టి ఒక నిమిషం లెక్కించాడు. ఆ సమయానికి తోటివారంతా ఆవరణలోనే ఉన్నారు. నిమిషం కాగానే, "నొప్పి పుట్టిందాండీ?" అని అడిగాడు. లేదన్నాను, ఎందుకంటే పుట్టలేదు. "ఇంత మాత్రానికేనా?" అంటూ సూపర్‌వైజరు నవ్వి, "ఇంట్లో చీపురైనా పడతారా, అదీ బరువేనా?" అని అందరికీ వినబడేలా అడిగారు. రోజూ నాతో కలిసి భుజం నొప్పి గురించి గొణుక్కునేవారు కూడా ఆ నవ్వులో కలిశారు. అది ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆ తరువాతి ప్రశ్న ఇంకా విచిత్రమైనది. "రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతారు?" అని ఫారంలో ఒక గడి ఉంది. ఉదయం ఎత్తిన గడను ఆ గోడ పూర్తయ్యేదాకా దించనని నేను చెప్పాను. పరిశీలకుడు కాసేపు ఆలోచించి ఆ గడిలో '1' అని రాశాడు. 3.5 కిలోల వస్తువును రోజుకు ఒకసారి ఎత్తే మనిషికి భుజం నొప్పి ఎలా వస్తుందని ఆ కాగితం చదివిన ఎవరికైనా అనుమానం రాక మానదు. ఎంతసేపు పట్టుకుని ఉంటారు, చెయ్యి ఏ ఎత్తున ఉంటుంది, పిడికిలి ఎంత బిగుస్తుంది అనే వాటికి ఆ ఫారంలో గడులే లేవు. సామాన్లు మోసేవారి కోసం తయారుచేసిన కాగితాన్ని గడ పట్టేవారికి అంటగట్టారన్నమాట. బరువు ఎత్తి దించేటప్పుడు కండరం బిగిసి సడలుతుంది, సడలినప్పుడల్లా దానిలోకి రక్తం పారుతుంది. కదలకుండా బిగబట్టి ఉంచిన కండరానికి ఆ వీలుండదు, అందుకే తక్కువ బరువుకే త్వరగా అలసిపోతుంది. పనిముట్టును ఒక పూటైనా చేతపట్టని వారికి దాని మీద తీర్పు చెప్పే అధికారం ఇవ్వడం ఏ వృత్తిలోనైనా అన్యాయమే.

"సమస్య కనబడలేదు" అనే ఫలితం చేతికి వచ్చాక, తిరిగి పరిశీలించమని నేను రాతపూర్వకంగా అడిగాను. నోటిమాటగా అడిగినదేదీ ఆ కార్యాలయంలో నిలవదు కాబట్టి మీరు కూడా కాగితం మీదే అడగండి, అందిందని సంతకం తీసుకోండి. రెండోసారి అదే పరిశీలకుడు వచ్చాడు. ఈసారి నేను ఒక స్ప్రింగ్ త్రాసు తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాను.

లెక్క కష్టమైనదేమీ కాదు. గడ పొడవు 6 మీటర్లు, బరువు 3 కిలోలు, కొనన ఉన్న తడి బ్రష్ అర కిలో అనుకుందాం. అడుగు కొసను ఒక చేత్తో, అక్కడికి మీటరు ఎడంలో రెండో చేత్తో పట్టుకుని గడను నేలకు సమాంతరంగా ఉంచామనుకోండి. గడ బరువు దాని నడుమన, అంటే 3 మీటర్ల దగ్గర పనిచేస్తుంది కనుక 3 × 3 = 9. బ్రష్ బరువు 6 మీటర్ల దగ్గర కనుక 0.5 × 6 = 3. మొత్తం 12. అంటే మీటరు ఎడంలోని చెయ్యి 12 కిలోలు మోయాలి, అడుగు చెయ్యి గడ తోక లేవకుండా 8.5 కిలోల బలంతో కిందికి అదిమిపట్టాలి. యంత్రం మీద పడుకున్న మూడున్నర కిలోలు మనిషి చేతుల్లోకి వచ్చేసరికి ఇలా మారతాయి.

నోటితో చెబితే నమ్మరని తెలుసు కాబట్టి చేసి చూపించాను. గడను పూర్తిగా చాచి, బ్రష్‌ను తడిపి, అడుగు కొసను ఒక ఇనుప బల్ల అడ్డకమ్మీ కిందికి దూర్చి, మీటరు దగ్గర తాడు కట్టి, ఆ తాడును స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి తగిలించి, త్రాసును పరిశీలకుడి చేతికే ఇచ్చాను. గడను సమాంతరంగా ఎత్తి ఉంచమన్నాను. ముల్లు 10 దాటి ఆగింది. నిజమైన గడ అడుగున లావుగా, కొనన సన్నగా ఉంటుంది కనుక బరువు నడుమకన్నా కాస్త ఇవతలికే ఉంటుంది, అందుకే 12 రాలేదు. అతడు ముల్లు వంక చూశాడు, గడ కొన వంక చూశాడు, త్రాసును రెండో చేతికి మార్చుకున్నాడు. ఒక నిమిషం అలాగే ఉండమని నేను కూడా అడిగాను, ఉండలేదు. ఇది గొప్ప చెప్పుకోవడమే, కాదనను. సూపర్‌వైజరు ఆనాడు నవ్వలేదు.

కార్బన్ ఫైబర్ గడ ఆ తరువాత వచ్చింది. అల్యూమినియం గడకన్నా, గాజుపీచు గడకన్నా అది తేలిక, పైగా తక్కువగా ఊగుతుంది. ఊగే గడను నిలబెట్టడానికి పిడికిలి ఎంత బిగుస్తుందో పట్టేవారికే తెలుస్తుంది. అయితే కార్బన్ ఫైబర్ కూడా అల్యూమినియం లాగే విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి దగ్గరలో కరెంటు తీగలున్న చోట గడ ఎత్తనే కూడదు.

కొత్త గడ వచ్చినంత మాత్రాన నొప్పి పోలేదు. పోగొట్టినది ఫిజియోథెరపిస్టు నేర్పిన నిలబడే తీరు. ఆవిడ నన్ను పనిచోటే చూస్తానని వచ్చి, గోడకూ నాకూ ఉన్న దూరం ముందు కొలిచారు. గోడకు మరీ దగ్గరగా నిలబడితే మెడ వెనక్కి విరిగి, పై చెయ్యి తలకన్నా ఎత్తుకు పోతుంది. మరీ దూరంగా నిలబడితే గడ వాలిపోయి పైన చెప్పిన లెక్క మీద పడుతుంది. 6 మీటర్ల గడకు అడుగు కొస గోడ నుంచి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉంటే గడ నేలతో 70 నుంచి 75 డిగ్రీల కోణంలో నిలుస్తుంది, చేతుల మీద అడ్డంగా పడే బలం సమాంతరంగా పట్టినప్పటి దానిలో మూడోవంతుకో నాలుగోవంతుకో దిగుతుంది. పై చెయ్యి గడ్డం ఎత్తు దాటకూడదు, కింది చెయ్యి నడుము దగ్గర ఉండాలి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. అందకపోతే గడలో ఇంకో మెట్టు, అంటే ఒకదానిలోకి ఒకటి దూరే ముక్కల్లో ఇంకొకటి, చాచాలి తప్ప చెయ్యి చాచకూడదు. రెండు చేతుల మధ్య ఎడం పెంచితే భారం ఇంకా తగ్గుతుంది: ఎడం మీటరు నుంచి ఒకటిన్నర మీటరుకు పెరిగితే ఆ 12 కిలోలు 8 అవుతాయి.

బ్రష్‌ను పైకీ కిందికీ నడపవలసింది చేతులు కావు, కాళ్లు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు వేసి, ఒంటి బరువును ముందుకూ వెనక్కూ ఊపితే గడ దానంతటదే కదులుతుంది. పై చెయ్యి గడను పిండకుండా వలయంలా చుట్టి దారి చూపితే చాలు. మణికట్టు వంగి ఉంటే పట్టు సగం చచ్చుబడి, ఆ లోటు పూడ్చడానికి పిడికిలి ఇంకా బిగుస్తుంది, కనుక మణికట్టును ముంజేతికి సూటిగా ఉంచాలి. మందపాటి చేతితొడుగులు, తడికి జారే గడ పైభాగం కూడా ఇదే పని చేస్తాయి. నేను గడకు పట్టు నిలిచే టేపు చుట్టుకున్నాను. గడ మెట్లను బిగించే క్లాంపుల మీటలు అరచేతికి గుచ్చుకోకుండా బయటివైపు తిప్పుకోవాలి. వాటిలో ఇసుక చేరితే విప్పడానికి బొటనవేలు అరిగిపోతుంది, అందువల్ల రోజూ కడగాలి. ఒక కిటికీకి కుడిచెయ్యి పైన ఉంటే తరువాతి దానికి ఎడమచెయ్యి పైన ఉండాలనే నియమం మొదట చాలా వెర్రిగా అనిపించింది, బ్రష్ అద్దం మీద కాక గోడ మీద తిరిగింది, ఇప్పుడు తేడా తెలియడం లేదు. కింది అంతస్తుల కిటికీలకు లావైన అడుగు మెట్లు తీసేసి పై మెట్లతోనే పనిచేయవచ్చు. ఒక కిటికీ నుంచి ఇంకొకదానికి వెళ్లేటప్పుడు చాచిన గడను అడ్డంగా పట్టుకుని నడవడం ఆవిడకు అసలు నచ్చలేదు, నిటారుగానే తీసుకుపొమ్మన్నారు.

కార్యాలయం మీద నాకున్న ఇంకో ఫిర్యాదు నీటి గురించి. లవణాలు పూర్తిగా తీసేసిన నీరు ఆరినా మచ్చ మిగలదు, అందుకే ఈ పద్ధతిలో అద్దాన్ని తుడవనక్కరలేదు. నీటిలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి, 10 దాటనివ్వకూడదు. వడపోతలో లవణాలను పట్టుకునే రెసిన్ అరిగిపోయినా మార్చకుండా నెట్టుకొచ్చిన రోజుల్లో మచ్చలు పడి, కడిగిన అద్దాన్నే మళ్లీ కడిగాం. ఆ రెసిన్ ఆదా అంతా మా భుజాల మీదనే పడింది. మచ్చ పోవాలని బ్రష్‌ను అదిమితే కుచ్చు వంగిపోతుంది, వంగిన కుచ్చు కన్నా కొనలు మాత్రమే తగిలే కుచ్చే బాగా శుభ్రం చేస్తుంది. నేను ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు టీడీఎస్ మీటరు చూస్తాను, అంకె ఎక్కువగా ఉంటే గడ ఎత్తకుండా ఆ సంగతి పుస్తకంలో రాస్తాను.

వేళ్ల తిమ్మిరి రాత్రిపూట పట్టీతో తగ్గింది, భుజానికి రబ్బరు పట్టీతో చేసే వ్యాయామం ఇంకా సాగుతోంది. బొటనవేలి మొదట్లోని కండ తగ్గిపోతున్నట్టు కనబడినా, చెయ్యి ఎంత ప్రయత్నించినా లేవకపోయినా ఏ ఫారం కోసమూ ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఒక్క సంగతి మిగిలిపోయింది. కింది అంతస్తు కప్పు ముందుకు పొడుచుకువచ్చిన భవనాల్లో, ఆ కప్పుకు వెనకనున్న కిటికీలను అందుకోవాలంటే దూరంగా నిలబడి గడను దాదాపు పడుకోబెట్టవలసి వస్తుంది, అక్కడ ఎంత తేలిక గడైనా, ఎంత చక్కగా నిలబడినా ఆ లెక్క నుంచి తప్పించుకోలేం. అలాంటి అద్దాలను లోపలి నుంచి కడిగే ఏర్పాటు చేయమని ఇంకో దరఖాస్తు పెట్టాను. దానితోపాటు స్ప్రింగ్ త్రాసు ముల్లు కనబడే ఫొటో కూడా జతచేసి, అందిందని సంతకం తీసుకున్నాను.