90 రోజుల లెక్క

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా పని చేస్తున్నాను. జెండా పాట, అంటే సరుకు వేలం, అయిన తర్వాత కాంటాలు చూసుకొని, హమాలీ, దడువాయి (తూకం వేసేవాడు) ఖర్చులు తీసేసి, రైతుకు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసివ్వడం నా పని. రూపాయి తేడా వచ్చినా పొద్దుపోయేదాకా కూర్చొని పట్టుకునే అలవాటు నాకు ఈ వృత్తిలో మంచి పేరే తెచ్చింది. ఆ అలవాటే, హెచ్ఐవీ సోకిందేమోనన్న భయంగా మారి, ఒక మిర్చి సీజనంతా నన్ను ఎట్లా పీక్కుతిన్నదో ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 8 రాత్రి హైదరాబాద్‌లో, నాకు ఏడాదిగా పరిచయమున్న ఒకామెతో గడిపాను. ఇద్దరి ఇష్టంతోనే జరిగింది. మొదటి నుంచి చివరి వరకు కండోమ్ ఉంది, చిరగలేదు, జారలేదు. మర్నాడు కాజీపేటలో రైలు దిగేటప్పటికి కూడా నాకు ఏ బెంగా లేదు. నాలుగో రోజు తెల్లవారుజామున నిద్రపట్టక ఫోన్ తిప్పుతుంటే, హెచ్ఐవీ సోకే ప్రమాదం జరిగినప్పుడు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులు ఉన్నాయని కనిపించింది. వేళ్ల మీద లెక్క వేసుకుంటే అప్పటికి 79 గంటలు గడిచాయి. ఆ మందు నాకు అవసరమా కాదా అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ఏడు గంటల తేడాతో గడువు దాటిపోయిందన్న ఒక్క మాటే తలలో నిలిచిపోయింది.

పన్నెండో రోజున ఊళ్లోని ఒక ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్లాను. ఎందుకు చేయించుకుంటున్నావని అడిగినవారు లేరు, ఎన్ని రోజులైందని అడిగినవారూ లేరు. సాయంత్రం రిపోర్టుకు వెళ్లినప్పుడు కౌంటర్లోని అబ్బాయి పదిమంది ముందు “హెచ్ఐవీ రిపోర్టు ఎవరిదన్నా?” అని కేకేశాడు. పరీక్షకు ముందు మనిషికి విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలనీ, ఫలితం గోప్యంగా ఉంచాలనీ 2017లో చట్టమే వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం తల వంచుకొని కవరు తీసుకొని బయటపడ్డాను. నెగెటివ్ అని ఉంది. ఇంటికి వచ్చి చదివితే, పన్నెండు రోజులకు ఆ పరీక్షలో ఏదీ తేలదని అర్థమైంది.

ఫిబ్రవరి చివరికి మార్కెట్లోకి మిర్చి దిగింది. యార్డు నిండా ఎర్రటి కుప్పలు, బస్తా విప్పితే చాలు ఘాటు. హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకుంటారు, సేటు కుర్చీలో కూర్చొనే తుమ్ముతుంటాడు, రైతులు, వ్యాపారులు అందరూ దగ్గుతూనే ఉంటారు. ఎనిమిదేళ్లుగా ఆ రెండు నెలలు నాకూ గొంతు మండుతూనే ఉంది. కానీ ఈసారి నా గొంతు మండినప్పుడు నాకు మిర్చి గుర్తురాలేదు. వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాలకు కొందరిలో జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు వస్తాయని చదివినదే గుర్తొచ్చింది. తక్‌పట్టీల మధ్యలో లేచి వెళ్లి, గోదాము వెనక అద్దం ముక్క ముందు నోరు తెరిచి, ఫోన్ టార్చి వేసి గొంతు చూసుకునేవాణ్ని. మెడ కింద గడ్డలున్నాయేమోనని ఎన్నిసార్లు నొక్కి చూశానంటే, చివరికి నొక్కిన చోటే నొప్పి పుట్టింది. ఆ నొప్పిని కూడా లక్షణాల ఖాతాలోనే రాసుకున్నాను.

హైదరాబాద్‌లో కలిసిన ఆమె ఫోన్లు ఎత్తడం కూడా ఆ రోజుల్లోనే మానేశాను. ఈ మొత్తంలో నేను నిజంగా సిగ్గుపడేది ఈ ఒక్క విషయానికే.

హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరుకు ఫోన్ చేస్తే, ప్రభుత్వ దవాఖానలో హెచ్ఐవీ సలహా, పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రానికి వెళ్లమనీ, అక్కడ మాట్లాడటానికీ పరీక్షకూ డబ్బు కట్టనక్కర్లేదనీ చెప్పారు. రెండు రోజులు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి, మార్చి 5న లోపలికి వెళ్లాను. కౌన్సెలర్ నడివయసు మేడం. తలుపు దగ్గరకు వేసి, ముందుగా చెప్పిన మాట ఇది: “బయట ఎక్కడన్న కనబడితే నేను మిమ్మల్ని పలకరించ బాబూ. కోపం అనుకోవద్దు, మా పద్ధతి అది. మీరు పలకరిస్తే మాట్లాడుత.” తర్వాత అరగంట ప్రశ్నలు అడిగారు. కండోమ్ ఎప్పుడు వేసుకున్నారు, మధ్యలో తీశారా, నూనె లాంటిదేమైనా రాశారా. కొబ్బరినూనె తగిలితే కండోమ్ రబ్బరు (లేటెక్స్) దెబ్బతింటుందట, అందుకని అడిగారు. నేను గుమాస్తానని విని, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపి, “వైరస్ మీ ఒంట్లోకి జమ కావాలంటే ఎటు నుంచో రావాలె కద. వచ్చిన దారి రాయండి” అన్నారు. కలం పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. రాయడానికి ఏమీ దొరకలేదు.

అయితే ఆమె నన్ను ఊరికే ఓదార్చి పంపలేదు, అందుకే ఆమె మాట మీద నమ్మకం కుదిరింది. కండోమ్ సరిగా వాడితే హెచ్ఐవీ, గనేరియా, క్లమిడియా వంటివాటి నుంచి గట్టి రక్షణ ఉంటుందనీ, చర్మం తగిలితే అంటుకునే హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ పుండు వంటివి కండోమ్ కప్పని చోట ఉంటే ఆ మేరకు రక్షణ తగ్గుతుందనీ వివరించి, అదే దవాఖానలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు పంపారు. అక్కడ డాక్టరు పరీక్షించి, పుండు గానీ స్రావం గానీ ఏమీ లేదన్నారు. 72 గంటల మందు గురించి అడిగితే, అది కండోమ్ లేకుండా జరిగినప్పుడో చిరిగినప్పుడో ఆలోచించాల్సిన విషయమనీ, నా విషయంలో ఆ ప్రశ్నే రాదనీ తేల్చేశారు. ఇరవై రోజులుగా నేను మోస్తున్న ఆ ఏడు గంటల బరువు దిగడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. హెపటైటిస్ బి టీకా ఇంతవరకు వేయించుకోలేదని చెప్తే, రక్తపరీక్ష చేయించి, ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరు నెలలకు ఒకటి చొప్పున మూడు డోసులు రాసిచ్చారు. నిజానికి ఈ వ్యవహారంలో నాకు ఉపయోగపడిన చికిత్స ఏదైనా ఉందంటే అది ఆ టీకా అనే చెప్పాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి హెచ్ఐవీ పరీక్ష అవసరమే లేదు, మనసు ఒప్పకపోతే 45 రోజులు దాటాక యాంటిజెన్ (వైరస్‌లోని భాగం), యాంటీబాడీ (దాని మీద ఒళ్లు తయారుచేసేది) రెండూ చూసే ల్యాబ్ పరీక్ష ఒక్కసారి చేయించుకోండి అని ఆ డాక్టరే అన్నారు. మార్చి 27న, అంటే 47వ రోజున, చేయించాను. నెగెటివ్. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్ఎల్ పరీక్ష కూడా నాన్ రియాక్టివ్, అంటే నెగెటివే. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

ఆ నెమ్మది నాలుగు రోజులుంది. ఐదో రోజు, ల్యాబులో నా రక్తం సీసా మరొకరి సీసాతో మారిపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. మళ్లీ కౌన్సెలర్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె రిపోర్టు వైపు చూడకుండా నా వైపే చూసి, “మీకు హెచ్ఐవీ పని అయిపోయింది బాబూ. ఇక భయం పని చూద్దాం” అని మానసిక వైద్య విభాగానికి చీటీ రాశారు. దూరముండేవాళ్లకు ఫోన్లోనే మానసిక సాయం అందించే 14416 టెలీ మానస్ కూడా ఉందని చెప్పారు.

అక్కడి డాక్టరు చిన్న వయసువారు. రోజుకు ఎన్నిసార్లు గొంతు చూసుకుంటున్నారో గీతలు గీసుకొని రమ్మన్నారు. మొదటి రోజు 34 గీతలు పడ్డాయి; లెక్క రాసే నేనే నమ్మలేకపోయాను. చూసుకున్న ప్రతిసారీ కాసేపు ఊరట కలుగుతుందనీ, ఆ ఊరటకు అలవాటుపడ్డ మనసు మరింత త్వరగా మళ్లీ అడుగుతుందనీ, నేను ఎక్కువ పరీక్షలు చేయించిన కొద్దీ భయం తగ్గకుండా పెరగడానికి కారణం ఇదేననీ చెప్పారు. చూడాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగాలి, తర్వాత ఇరవై, తర్వాత గంట. ఫోన్లో వెతకకూడదు, ఎవరినీ “నాకేం కాదు కదా” అని అడగకూడదు. ఒక మాత్ర కూడా రాశారు, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆ మొదటి పది నిమిషాలు ఎంత కష్టమో చెప్పినా నమ్మరు. కాంటా దగ్గర నిలబడి, అరచేతులు చెమటలు పట్టి, ఒకే బస్తా తూకాన్ని మూడుసార్లు రాశాను. దడువాయి “ఏమైంది తమ్మీ, ఒంట్లో బాగలేదా?” అన్నాడు. మిర్చి ఘాటు అన్నాను. రెండు నెలల్లో మొదటిసారి నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

ఏప్రిల్ చివరికి గీతలు ఐదారుకు దిగాయి. హెచ్ఐవీ పరీక్షలకు ఆఖరి గడువుగా చెప్పే 90వ రోజు మే 9. ఆ రోజు ఆఖరి పరీక్ష ఒకటి చేయించుకోవచ్చనీ, ఆ తర్వాత ఇంకేదీ వద్దనీ డాక్టరుతో ఒప్పందం. ఆ ఫలితం కూడా నెగెటివే వచ్చింది, కానీ ఈసారి కవరు సాయంత్రం దాకా విప్పలేదు. ఆ వారమే హైదరాబాద్‌లో కలిసిన ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఆమె మాటల్లో కోపం ఉంది, ఉండాల్సిందే.

సెప్టెంబరులో మూడో డోసు అయిపోయింది. సద్దుల బతుకమ్మ నాడు అమ్మను తీసుకొని హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్లాను. ఆడవాళ్ల గుంపులో తాంబాలం పట్టుకొని కౌన్సెలర్ మేడం కనిపించారు. నన్ను చూశారు, చూడనట్టే చెరువు వైపు తిరిగారు. నేనే వెళ్లి నమస్తే మేడం అన్నాను. “ఎవరు బిడ్డా?” అని అమ్మ అడిగింది. దవాఖానల మేడం, నాకు టీకాలు వేయించిన్రు అన్నాను. అమ్మ మలీద ముద్ద తీసి, “ఇస్తినమ్మ వాయినం” అంటూ ఆమె చేతిలో పెట్టింది.