స్కాట్లండ్ ఆయ్, మన గోదారి ఆయ్

ఎడిన్‌బరాలో దిగిన మర్నాడు పొద్దున్న బస్సెక్కుతూ, ఇది ప్రిన్సెస్ స్ట్రీట్ వెళ్తుందా అని మా అమ్మాయి డ్రైవర్ని అడిగింది. ఎర్ర గడ్డం, మోచేతుల దాకా పచ్చబొట్లు, ఆరడుగుల పైన మనిషి. తలూపి "ఆయ్" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పాలకొల్లు బస్టాండులో "నరసాపురం వెళ్తుందా బాబూ" అని అడిగితే వినిపించే ఆయ్ అదే. సాగదీత కూడా అదే. వాళ్ళ మాటలో ఆయ్ అంటే అవును అని సీట్లో కూర్చున్నాక మా అమ్మాయి చెప్పింది. ఆ తరవాత దుకాణాల్లో, రైళ్ళలో, రేవుల్లో ఎన్ని ఆయ్‌లు విన్నానో లెక్కలేదు. అడిగినదానికి ఒప్పుకునే ఆయ్ పొట్టిగా ఉంటుంది. కబుర్లు వింటూ అనే ఆయ్ పొడుగ్గా సాగి కిందకి జారుతుంది. మన దగ్గరా అంతే కదా. మన ఆయ్‌లో "అండీ" కలిసి ఉంటుంది, వాళ్ళ దాంట్లో ఉండదు. ఆ లోటు "వీ" అనే మాటతో తీరుస్తారు. వీ అంటే చిన్నది అని. ఒక వీ నిమిషం ఆగండి, ఒక వీ సంతకం పెట్టండి, ఒక వీ టీ తాగండి. గ్లాసుడు టీ పట్టే కప్పు నిండా పోసి దాన్ని కూడా వీ టీ అనే అంటారు. మనవాళ్ళు "కాస్త ఎంగిలిపడండి" అని పిలిచి విస్తరి నిండా వడ్డించినట్టు.

బస్సు దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతారు. స్కూలు పిల్లలు కూడా. నేనూ చెప్పాను. ఊరొచ్చాక మొన్న భీమవరం బస్సు దిగుతూ మన డ్రైవర్‌కీ చెప్పాను. ఆయన "ఆయ్" అన్నాడు.

మే చివర్లో, మా ఊళ్ళో కాలువ కట్టేసి ఉండగా బయల్దేరాం. అల్లుడుగారికి గ్లాస్గోలో ఉద్యోగం. వాళ్ళింట్లో మొదటి సాయంత్రం దీపం పెట్టడానికి నేను పడ్డ తంటా ఇంతా అంతా కాదు. ఇక్కడైతే ఆరున్నరకి మసక చీకటి పడుతుంది, దీపం పెట్టేస్తాం. అక్కడ ఎనిమిదయింది, ఎండ. తొమ్మిదయింది, ఎదురింటాయన పచ్చిక కోసుకుంటున్నాడు. పది కావస్తుంటే గానీ పొద్దు వాలలేదు. మనవడు పడుకుంటానని ఏడుస్తుంటే, అసురసంధ్యలో పడుకోకూడదు నాన్నా అని వాణ్ణి పది దాకా కూర్చోబెట్టాను. చివరికి మా అమ్మాయి, గడియారం చూసి ఏడింటికి పెట్టెయ్యమ్మా, దేవుడు ఏమీ అనుకోడు అంది. అలాగే పెట్టాను.

వాన సంగతి చెప్పాలి. మనకి వానకి ఎన్ని పేర్లు! చినుకు, తుప్పర, జల్లు, ముసురు, జడివాన. ఇంగ్లీషువాళ్ళకి ఒకటో రెండో ఉంటాయనుకునేదాన్ని. స్కాట్లండ్‌లో "డ్రీఖ్" అనే మాట విన్నాను. ఆకాశం బూడిదరంగుకి తిరిగి, ఎండ జాడ లేక, బట్టలు ఆరక, మనసు కూడా చెమ్మగిల్లినట్టుండే రోజుని అలా అంటారు. అచ్చంగా మన ముసురు. ఐర్లండ్ వెళ్తే అక్కడ సన్నటి తుప్పర పడే రోజుని "మెత్తటి రోజు" అంటారు. తడిసి ముద్దయిపోయి నవ్వుతూ, ఎంత మెత్తటి రోజో అని పలకరిస్తారు. వానని అలా ముద్దుగా పిలిచేవాళ్ళు నాకు వెంటనే నచ్చేశారు.

ఎడిన్‌బరా కోట అందరూ చూసేదే, ఫోటోల్లో ఉన్నట్టే ఉంది. అక్కడ 1861 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తున్నారు, ఆదివారాలు తప్ప. రేవులో ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోవడానికి మొదలెట్టారట. మా చిన్నప్పుడు రైసుమిల్లు కూతకి అన్నాలు వండుకున్నట్టు. పన్నెండింటికి కాకుండా ఒంటిగంటకే ఎందుకు అంటే, పన్నెండింటికైతే పన్నెండుసార్లు పేల్చాలి, ఒంటిగంటకి ఒకసారి చాలు అని అక్కడివాళ్ళే చెప్పి పగలబడి నవ్వుతారు. పొదుపు మీద వాళ్ళ జోకులు వాళ్ళే వేసుకుంటారు. హాగిస్ కూడా తిన్నాను. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ కలిపి వండుతారు. పక్కన ఆలుగడ్డ ముద్ద, ముల్లంగి లాంటి దుంప ముద్ద. మిరియం బాగా తగిలింది. బోటీ కూర తినే ఇంటి మనిషిని కనుక నాకు సుఖంగానే దిగింది.

నేను అంత దూరం వెళ్ళింది నిజానికి లాకుల కోసం, అంటే కాలువలో పడవల్ని ఎక్కించి దించే తలుపుల కట్టడాల కోసం. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు, లాకు తలుపులు తీసి మూసే పని. నరసాపురం కాలువ మీద ఒక లాకు దగ్గర క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు వచ్చి లాకులో ఆగడం, వెనక తలుపులు మూయడం, షట్టరు ఎత్తగానే నీళ్ళు సుడులు తిరుగుతూ నిండడం, పడవ మెల్లగా మెట్టెక్కినట్టు పైకి లేవడం, ఇదే మా ఆట, ఇదే మా సినిమా. తరవాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. ఇప్పుడు ఆ తలుపులకి తుప్పు, మధ్యలో గుర్రపుడెక్క.

ఫోర్ట్ విలియం పక్కన బానవీ అనే ఊళ్ళో ఒకదాని వెంట ఒకటిగా ఎనిమిది లాకులున్నాయి. నెప్ట్యూన్ మెట్లు అంటారు. వెనక బెన్ నెవిస్ కొండ, 1,345 మీటర్లు, బ్రిటన్‌లోకెల్లా ఎత్తయినది. నేను మాత్రం కొండకేసి సరిగ్గా చూడనేలేదు. కింది లాకులోకి ఒక తెరచాప పడవ వచ్చింది. అందులో ముసలి దంపతులు. పెద్దావిడ గట్టెక్కి తాడు పట్టుకుంది. లాకు నిండగానే ముందు తలుపులు తెరుచుకున్నాయి, ఆవిడ ఆ తాడు పట్టుకుని గట్టు వెంట నడుస్తూ పడవని పై లాకులోకి లాక్కుపోయింది. నా కళ్ళు చెమర్చాయి. మా కాలువ గట్టు మీద తాడు భుజాన వేసుకుని వంగి నడిచే మనుషులు గుర్తొచ్చారు. వాళ్ళది పొట్టకూటి కష్టం, ఈవిడది సెలవు రోజుల సరదా. తాడు మాత్రం అలాగే బిగుసుకుంటుంది, నీళ్ళు అలాగే చప్పుడు చేస్తాయి.

గంటన్నర నిలబడ్డాను. ఒక్కో లాకులో దాదాపు ఎనిమిది అడుగులు చొప్పున పడవ మొత్తం 60 అడుగుల పైన ఎక్కింది. లాకు దగ్గర పనిచేసే అబ్బాయి, పాతికేళ్ళుంటాయి, నన్ను చాలాసేపట్నించి గమనిస్తున్నాడు. మా నాన్నా ఈ పనే చేశారు అని చెప్పాను. "ఆయ్?" అన్నాడు, ఈసారి ప్రశ్నలా. అక్కణ్ణించి వాడూ నేనూ దోస్తులం. పూర్వం తలుపుల్ని మనుషులే చుట్టూ తిరుగుతూ రాట్నాలతో లాగేవారట. ఇప్పుడు మీట నొక్కితే యంత్రం లాగుతుంది. తలుపు మీద నన్ను చెయ్యి పెట్టనిచ్చాడు. చల్లగా, నాచు పట్టి జిగటగా ఉంది. అవతల నిండుగా ఉన్న నీళ్ళ బరువుకి లోపల సన్నగా వణుకుతోంది. రెండు తలుపులూ ఎగువకి ముక్కు పెట్టి కలుస్తాయి, నీళ్ళే వాటిని బిగించి మూస్తాయి. ఈ మాట నేను వాడికి చెప్పబోతే వాడు నాకు చెప్పాడు, ఇద్దరం ఒకేసారి.

ఆ కాలువ పేరు కాలెడోనియన్ కాలువ. గొర్రెల కాపరి కొడుకై తాపీ పని నేర్చుకుని ఇంజనీరైన థామస్ టెల్‌ఫర్డ్ కట్టించాడు. 1803లో పని మొదలైంది, 1822లో పడవలు నడిచాయి. మన కాటన్ దొర పుట్టింది కూడా ఆ 1803లోనే. ఇది తెలిశాక నేను లాకు గట్టు మీదే కాసేపు కూర్చుండిపోయాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలువలు పొలానికే కాదు, పడవకీ అని ఆయన పోరాడాడు. మన లాకులు ఆ పట్టుదల వల్లే వచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు ఫాల్‌కిర్క్‌లో ఆగాం. అక్కడ రెండు కాలువలు 1960ల్లో మూతబడ్డాయి, మన వాటిలాగే. మళ్ళీ తవ్వి, బాగుచేసి, వాటిని కలపడానికి 2002లో 35 మీటర్ల ఎత్తు చక్రం పెట్టారు. రెండు పక్కలా రెండు తొట్లు, నీళ్ళతో నిండుగా. పడవ ఒక తొట్లోకి వస్తే దాని బరువంత నీరు పక్కకి తప్పుకుంటుంది, అందుకని పడవ ఉన్నా లేకపోయినా రెండు తొట్ల బరువూ సమానమే. కావిడి రెండు బుంగల్లా. ఒకసారి తిరగడానికి ఎనిమిది కెటిల్స్ నీళ్ళు కాచేంత కరెంటు చాలట. చక్రం తిరుగుతుంటే అక్కడున్నవాళ్ళంతా నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను మాత్రం మూసేసిన కాలువ మళ్ళీ తెరవొచ్చన్న మాట దగ్గరే ఆగిపోయాను. అడగాల్సినవాళ్ళు మన దగ్గర అడిగితే, చెయ్యాల్సినవాళ్ళు చేస్తే, పాలకొల్లు నుంచి నరసాపురం పడవ మీద పోవచ్చు. గట్టు పొడుగునా కొబ్బరి చెట్లు, అంతకంటే అందం ఎక్కడుంది?

ఐర్లండ్‌లో ఆయ్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. క్లేర్ అనే జిల్లాలో ఒక పెద్దావిడ ఇంట్లో రెండు రాత్రులున్నాం. భోంచేశారా అని నేను అడిగితే "చేశాను" అంది. వానొస్తోందా అంటే "వస్తోంది" అంది. అవును అని ఒక్కసారీ అనలేదు. తరవాత ఆవిడే చెప్పింది, వాళ్ళ ఐరిష్ భాషలో అవును, కాదు అనే మాటలే లేవట. క్రియనే తిప్పి చెబుతారు, ఇంగ్లీషు మాట్లాడినా ఆ అలవాటు పోలేదు. తిన్నావా, తిన్నాను. వచ్చాడా, వచ్చాడు. మనమూ ఇంతే కదా! అవును అని రోజుకి ఎన్నిసార్లు అంటాం?

ఆవిడ టీ ఇస్తానంది. మర్యాదకి వద్దన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. మూడోసారి ఆవిడ అడగడం, నేను సరే అనడం ఒకేసారి జరిగాయి. ఆవిడ కళ్ళల్లో మెరుపు చూడాలి! ఈ పద్ధతి తెలిసిన మనిషి దొరికిందని ఆవిడకీ సంతోషమే. మొదటిసారికే సరే అంటే మొహమాటం లేని మనుషులనుకుంటారట అక్కడ కూడా.

పొయ్యిలో నల్లటి ఇటుకల్లాంటివి పేర్చి వెలిగించింది. ఊబి నేలలో నాచు వేల ఏళ్ళు కుళ్ళకుండా నలిగి మట్టిలా అయితే, దాన్ని కోసి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, ఎండకీ గాలికీ ఆరబెడతారు. ఆ మట్టి ఒక మీటరు పేరుకోవడానికి దాదాపు వెయ్యేళ్ళు పడుతుంది. పొగ వాసన పిడకల పొగలాగే ఉంటుంది, ఇంకాస్త తియ్యగా. వేసవిలో మా ఇళ్ళ గోడల మీద పిడకలు కొట్టేవాళ్ళం అని, అరచెయ్యి గోడకి ఆనించి చూపించాను. ఆవిడ కూడా లేచి వచ్చి అరచెయ్యి పెట్టింది.

ఆ ఊబి నేలలో పాతకాలం వాళ్ళు వెన్న దాచుకునేవారట. డబ్లిన్ మ్యూజియంలో చూశాను. చెక్క గిన్నెలో గట్టిపడి పసుపు తెలుపు కలిసిన ముద్ద, వందల వేల ఏళ్ళ నాటిది. ఆ అద్దం ముందు నేను చాలాసేపు ఉన్నాను. ఎవరో ఇల్లాలు పిల్లల కోసమో చుట్టాల కోసమో చిలికి, దాచి, తీసుకోవడానికి రాలేకపోయింది. మోహర్ కొండచరియలు 214 మీటర్లు, సముద్రం హోరు, గొప్పగా ఉన్నాయి. కానీ రాత్రి నిద్రపట్టక తలుచుకున్నది ఆ వెన్నముద్దనే.

జూన్ మూడో వారం ఇంటికొచ్చేసరికి కాలువకి నీళ్ళు వదిలారు. పొద్దున్నే నాన్న దగ్గరకి వెళ్ళాను. ఎనభై ఆరేళ్ళు, చెవి సరిగ్గా వినపడదు, చూపు మాత్రం చురుకు. అరుగు మీద పక్కన కూర్చుని ఫోనులో బానవీ లాకుల వీడియో పెట్టాను. మొదట కొండ గురించి, ఆ పెద్దావిడ గురించి చెప్పబోయాను. వినలేదు. ఫోను చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. షట్టరు ఎత్తగానే నీళ్ళు సుడి తిరిగే చోట ఆయన బొటనవేలు కదిలింది.

"ఇంకోసారి పెట్టు" అన్నారు. పెట్టాను. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి అయ్యాక ఫోను నా ఒళ్ళో పెట్టి, వేళ్ళు మడుస్తూ అన్నారు.

"ఎనిమిది లాకులు కదమ్మా. తలుపులు తొమ్మిది జతలే. కింద దాని పై తలుపే, పై దానికి కింద తలుపు."

నేను గంటన్నర నిలబడి చూసినా లెక్కపెట్టలేదు. వీడియో మళ్ళీ పెట్టి ఇద్దరం లెక్కపెట్టాం. తొమ్మిదే.