బీ-ఫారం ఓటరు చేతిలో ఉంటే

మా చిత్తూరు జిల్లాలో ఎన్నికలొచ్చాయంటే టీ బంకు దగ్గర మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, టికెట్ ఎవరికి సామీ అని. మేనిఫెస్టోలు, సభలు, ఇంటింటి ప్రచారం అన్నీ ఆ తర్వాతే. ఆ టికెట్టేమో ఎక్కడో పార్టీ ఆఫీసులో తేలుతుంది, బీ-ఫారం చేతికొచ్చే దాకా నాయకుడికీ నిద్ర ఉండదు, వెనకున్న కార్యకర్తలకూ ఉండదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నవంబర్ పోలింగ్ కన్నా ముందు, పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగే ప్రైమరీలనే నేను ఎక్కువ ఆసక్తిగా చూసేది అందుకే. అక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరు.

వాళ్లకూ ఇది మొదట్నుంచీ లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీకి దిగకుండానే, పార్టీ పెద్దల అండతో డెమోక్రాట్ల అభ్యర్థి అయిపోయారు. అదే ఏడాది న్యూ హ్యాంప్‌షైర్‌లో అదే పార్టీ యూజీన్ మెకార్తీ, గద్దె మీదున్న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీద పోటీ చేసి 42 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఆయన కోసం కాలేజీ పిల్లలు గడ్డాలు గీయించుకుని, నీటుగా తయారై, మంచులో ఇల్లిల్లూ తిరిగారు. ఓట్లు ఎక్కువొచ్చింది జాన్సన్‌కే, అయినా నెల తిరక్కుండానే ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ వేసవిలో చికాగో పార్టీ మహాసభ బయట లాఠీలు విరిగాక, ఇక పెద్దలు తేల్చేస్తే కుదరదని పార్టీ రూల్స్ మార్చింది. 1972 నుంచి ప్రైమరీలు, పార్టీ వాళ్లు ఊరూరా ఒకచోట చేరి తేల్చుకునే కాకస్‌లే అభ్యర్థిని తేలుస్తున్నాయి.

రూల్ మారిందని ముందు కనిపెట్టినవాడికే లాభం. 1976లో జిమ్మీ కార్టర్ అంటే జార్జియా బయట ఎవరికీ తెలీదు. ఆయన చాలా ముందే, అప్పట్లో అందరికన్నా ముందు తేల్చే అయోవా రాష్ట్రానికి వెళ్లి, మద్దతుదారుల ఇళ్లలో పడుకుంటూ, చిన్న చిన్న ఊళ్లలో పదిమంది ఉన్నా కూర్చుని మాట్లాడారు. తీరా ఫలితాలొస్తే 'ఎవరి వైపూ కాదు' అన్నవాళ్లే మొదటి స్థానంలో ఉన్నారు, కార్టర్ ఆ తర్వాత. కానీ మిగతా అభ్యర్థులందరి కన్నా ముందున్నారు కాబట్టి పేపర్లు ఆయన్నే విజేతగా రాశాయి. ఏడాది తిరిగేసరికి ఆయన అధ్యక్షుడు.

నాకు బాగా నచ్చేది అయోవా డెమోక్రాట్లు 2020 దాకా పాటించిన పాత కాకస్ పద్ధతి. చలికాలంలో, సాయంత్రం పూట, బడిలోనో చర్చి హాల్లోనో జనం చేరతారు. బ్యాలెట్ లేదు, రహస్యం లేదు. ఒక్కో అభ్యర్థి మనుషులు ఒక్కో మూల నిలబడతారు, తలలు లెక్కపెడతారు. ఎక్కువ చోట్ల పదిహేను శాతం రాని గుంపు చెదిరిపోయి ఇంకో గుంపులో కలవాలి. అప్పుడు మొదలవుతుంది అసలు ప్రచారం, పక్కింటాయన వచ్చి మా వైపు రా అని పిలుస్తాడు, నీ పిల్లకు టీచర్ అయినావిడ ఇంకో వైపు నుంచి పిలుస్తుంది. అందుకే అక్కడ తెలివైన అభ్యర్థి అవతలి అభ్యర్థిని మరీ కటువుగా తిట్టడు. వాళ్ల మనుషులకు రెండో ఇష్టం తనే కావాలి కదా.

2008లో ఒబామా బృందం చేసిన పని చదివినప్పుడు నాకు మా ఊరి బూత్ గుర్తొచ్చింది. పలమనేరు వైపు ఒక పల్లెలో నేను బూత్ ఏజెంటుగా కూర్చున్న రోజుల్లో ఓటరు జాబితాలో ప్రతి పేరు పక్కన పెన్నుతో గుర్తు పెట్టేవాళ్లం, మనవాళ్లకు టిక్కు, అవతలివాళ్లకు ఇంటూ, ఎటూ తేలనివాళ్లకు సున్నా. చివరి రాత్రులు తిరిగేదంతా సున్నాలున్న ఇళ్లకే. బెంగళూరులో పని చేసే పిల్లలు బస్సెక్కారా లేదా అని ఫోన్లు సరేసరి. అమెరికా వాళ్లూ అంతే, ఒక్కో ఓటరుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేసుకుంటారు, ఒకటంటే గట్టిగా మనవాడు, ఐదంటే ఆశ వదులుకో. ఒబామా బృందం ఇంకో మెట్టు పైకెక్కి, ఎప్పుడూ కాకస్ గడప తొక్కనివాళ్లను, కాలేజీ పిల్లల్ని, నవంబర్‌కి పద్దెనిమిది నిండబోయే హైస్కూలు పిల్లల్ని కూడా పట్టుకొచ్చింది. 2004తో పోలిస్తే ఆ రాత్రి అయోవాలో డెమోక్రాట్ల కాకస్‌లకు వచ్చిన జనం దాదాపు రెట్టింపు. హిల్లరీ క్లింటన్ మూడో స్థానానికి పోయారు.

తర్వాత ఫిబ్రవరి 5న, ఒకే రోజు చాలా రాష్ట్రాలు ఓటేసే సూపర్ ట్యూజ్‌డే. హిల్లరీ న్యూజెర్సీ లాంటి పెద్ద రాష్ట్రం గెలిచారు, టీవీల్లో అదే పెద్ద వార్త. ఒబామా మనుషులు మాత్రం ముందే ఐడహోలో ఆఫీసులు తెరిచి కూర్చున్నారు. ఐడహోనా, అక్కడ డెమోక్రాట్లెంతమంది అని అందరూ వదిలేసిన రాష్ట్రం. లెక్క తేలాక న్యూజెర్సీలో హిల్లరీకి మిగిలిన ఆధిక్యం 11 మంది డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు), ఐడహోలో ఒబామాకు 12. డెమోక్రాట్లు వచ్చిన ఓట్ల దామాషాలో డెలిగేట్లను పంచుతారు కాబట్టి పెద్ద రాష్ట్రాన్ని కొద్ది తేడాతో గెలవడం కన్నా చిన్న రాష్ట్రాన్ని ఊడ్చేయడం మేలు. రిపబ్లికన్ల దగ్గర లెక్క వేరు. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది మూడో వంతుకు కాస్త తక్కువ ఓట్లే, ఉన్న 50 మంది డెలిగేట్లూ ఆయనకే పోయారు. ఎదురుగా అంతమంది అభ్యర్థులు ఓట్లు చీల్చుకుంటుంటే, తన ముప్పై శాతం తన వెంట గట్టిగా ఉంటే చాలని ఆయనకు అర్థమైంది.

మనవాళ్లు ఎన్నికలంటే డబ్బే అంటారు. ఆ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. 2016లో జెబ్ బుష్ వెనకున్న సూపర్ పీఏసీ (అభ్యర్థి కోసం విడిగా చందాలు పోగేసే సంస్థ) 10 కోట్ల డాలర్లకు పైగా పోగేసింది, ఆయన సౌత్ కరోలినా దాటలేదు. 2020లో మైఖేల్ బ్లూంబర్గ్ సొంత డబ్బు కుమ్మరించి చివరికి గెలుచుకుంది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. అదే ఏడాది బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదు, చేతిలో డబ్బు కూడా అంతంతమాత్రమే. సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు ఎంతో గౌరవించే జిమ్ క్లైబర్న్ పోలింగ్‌కు మూడు రోజుల ముందు బైడెన్ వైపు నిలబడ్డారు. ఆ రాష్ట్రం ఒక్కటి గెలవగానే పోటీలో ఉన్నవాళ్లలో ఇద్దరు తప్పుకుని ఆయనకే మద్దతిచ్చారు, మూడు రోజులకు సూపర్ ట్యూజ్‌డేలో 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. ఊళ్లో నమ్మకమున్న మనిషి చెప్పే ఒక్క మాట ఎంత పని చేస్తుందో పల్లెల్లో తిరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

తిరిగినంత మాత్రాన కూడా ఓట్లు రాలవు. 2024లో రాన్ డిశాంటిస్, వివేక్ రామస్వామి ఇద్దరూ అయోవాలోని 99 కౌంటీలూ చుట్టేశారు. ట్రంప్‌కు సగానికి పైగా ఓట్లు, డిశాంటిస్‌కు 21 శాతం, రామస్వామికి ఎనిమిది శాతం కూడా రాలేదు. నిక్కీ హేలీ న్యూ హ్యాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ చేరని ఓటర్లను నమ్ముకుని 43 శాతం దాకా లాగారు, కానీ పార్టీ వాళ్లే ఎక్కువగా ఓటేసే చోట అది నిలవలేదు, సొంత రాష్ట్రంలోనే ఓడారు. ప్రైమరీలో ఉన్న లోపం కూడా ఇదే అనిపిస్తుంది నాకు. వచ్చి ఓటేసేది పార్టీ మీద గట్టి పట్టుదల ఉన్న కొద్దిమంది, వాళ్లను మెప్పించడానికి అన్న మాటలు నవంబర్‌లో అందరి ముందూ మెడకు చుట్టుకుంటాయి.

అయినా నాకు ఆ పద్ధతే కావాలనిపిస్తుంది. మా మండలంలో పాతికేళ్లు జెండా మోసిన ఒక పెద్దాయన ఎంపీటీసీ నామినేషన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఎంపీడీవో ఆఫీసు మెట్ల మీద బీ-ఫారం కోసం మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాడు. అది ఇంకొకరి పేరు మీద వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఓడిపోయుంటే ఇంత బాధ ఉండేది కాదు. ఊరివాళ్లు వద్దన్నారని తెలిసేది, అంతే కదా.

మన దేశంలో ప్రయత్నమే జరగలేదని కాదు. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీ పెట్టింది, ఓటేసింది మాత్రం పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లే. ఇప్పుడు పార్టీలు ఫలానా ఆయన మీకు ఇష్టమైతే ఒకటి నొక్కండి అని ఫోన్లు చేయిస్తున్నాయి, కానీ నొక్కినవాడికి లెక్క చెప్పరు. నేనడిగేది పెద్దదేం కాదు. ఒక్క మండలంలో, ఎంపీటీసీ టికెట్లకైనా, సభ్యత్వ కార్డున్నవాళ్లంతా ఒక ఆదివారం ఊరి బడిలో చేరి, పోటీ పడేవాళ్లను నిలబెట్టి నాలుగు ప్రశ్నలడిగి, చీటీలేసి, ఆ లెక్క అక్కడే గోడకు అతికించాలి. షామియానా, టీలు, మైకు తప్ప ఖర్చేముంది. వచ్చే స్థానిక ఎన్నికల ముందు ఏ పార్టీ ఈ పని చేసినా సరే, ఆ పార్టీ కార్డు నా దగ్గర లేకపోయినా కుర్చీలు వేయడానికి నేనొస్తాను.