అన్నం మానేస్తే ఇమ్యూనిటీ పెరుగుతుందా?

వీరమాచనేని గారి డైట్ పుణ్యమా అని, అన్నం మానేసి రోజూ 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు అంటే మన దగ్గర ఇప్పుడెవరికీ వింతగా లేదు. బరువు, షుగర్ గురించి చాలా చర్చే జరిగింది. కానీ దానితో పాటు 'ఈ డైట్‌లో ఉంటే జలుబు కూడా దగ్గరికి రాదు' అనే మాట కూడా ప్రచారంలోకి వచ్చేసింది, నాకు దాని మీదే పట్టింపు.

ఆ మాటకి ఆధారం బొత్తిగా లేకపోలేదు. 2019లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్ళు చిట్టెలుకలకి వారం రోజులు కీటో తిండి (ఈ డైట్ లాగే పిండిపదార్థాలు దాదాపు లేకుండా కొవ్వు ఎక్కువగా ఉండేది) పెట్టి, తర్వాత ఫ్లూ వైరస్ ఎక్కించారు. మామూలు తిండి తిన్నవాటికంటే ఇవి బాగా తట్టుకున్నాయి. ఊపిరితిత్తుల్లో గామా డెల్టా టి కణాలు అనే ఒక రకం రక్షణ కణాలు పెరిగాయి, గాలిగొట్టాల లోపల జిగురు బాగా ఊరి వైరస్‌కి అడ్డుపడింది. అయితే కొవ్వుతో పాటు పిండిపదార్థాలు కూడా ఎక్కువగా ఉన్న తిండి పెడితే ఆ రక్షణ రాలేదు. ఒకపక్క అన్నం, ఇడ్లీ తింటూ పైన నెయ్యి, కొబ్బరినూనె పోసుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. అక్కడివాళ్ళే 2020లో ఇంకో సంగతి బయటపెట్టారు: మొదటి వారం బాగానే ఉన్న చిట్టెలుకలు రెండు మూడు నెలలు అదే తిండి మీద ఉండేసరికి లావెక్కాయి, కొవ్వు పొరల్లో ఉండే అవే కణాలు తగ్గిపోయాయి.

మనుషుల్లో అయితే 2024లో వచ్చిన అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ అధ్యయనం ఉంది, ఇరవై మందికి రెండు వారాలు కీటో, రెండు వారాలు పాలు, పెరుగు కూడా లేని పూర్తి శాకాహారం పెట్టి చూశారు. కీటోలో టి, బి కణాల (ఒక్కో క్రిమిని గుర్తుపట్టి ఎదుర్కొనే రక్షణ కణాలు) పని ఎక్కువ కనిపించింది, శాకాహారంలో పుట్టుకతో వచ్చే తొలి రక్షణ చురుగ్గా ఉంది. రెండూ మార్పులే, ఏది గొప్పదో తేల్చిన పరీక్ష కాదది.

నన్నడిగితే అసలు దెబ్బ పీచు దగ్గర తగులుతుంది. పప్పులు, పళ్ళు, ధాన్యం ఒక్కసారిగా ఆపేస్తే పేగుల్లోని మంచి బాక్టీరియాకి తిండి ఉండదు, మన రక్షణ కణాల్లో పెద్ద వాటా ఉండేది ఆ పేగుల చుట్టూనే. అందుకే ఇలా పిండిపదార్థాలు తగ్గించే లో కార్బ్ డైట్ చేసేవాళ్ళు తోటకూర, బెండకాయ, సొరకాయ, దొండకాయ కంచం నిండా పెట్టుకోండి, గుడ్లు, చికెన్‌తోనే సరిపెట్టకండి.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట, ఇది చాలా సీరియస్. మీ మందు పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటే (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి) డాక్టర్‌తో మాట్లాడకుండా ఈ డైట్ మొదలుపెట్టొద్దు. జ్వరం వచ్చి తిండి సయించనప్పుడు మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదస్థాయికి వెళ్ళొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళి, వేసుకునే మందు పేరు, చేస్తున్న డైట్ రెండూ చెప్పండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు దాన్ని సొంతంగా ఆపనే ఆపకూడదు.