చత్వారం వచ్చాక ఫాంట్ మార్చాను

మూడోసారి పాస్‌వర్డ్ తప్పు కొట్టగానే టెస్ట్ సర్వర్‌లో నా అకౌంట్ లాకైపోయింది. టైము రాత్రి పదకొండు. అడ్మిన్‌ని నిద్ర లేపాల్సొచ్చింది. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు చిన్న ఎల్, నేను కొడుతున్నది ఒకటి. సంగతి విని మా ఆవిడ "ముందు కళ్ళు చూపించుకోండి" అంది. నాకు నలభై మూడు. డాక్టరుగారు చత్వారమని తేల్చి దగ్గరి చూపుకి అద్దాలు రాశారు.

అద్దాలు పెట్టుకుని అదే ఫైలు తెరిచాను. ఎల్, ఒకటి ఇంకా కవలపిల్లల్లాగే ఉన్నాయి!

నేను వాడుతున్న ఫాంటు కొరియర్ న్యూ. కోరి ఎంచుకున్నదేం కాదు, కోడ్ రాసుకునే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకున్నప్పుడు అందులో ముందే పెట్టి ఉన్నది అదే, ఏళ్ళ తరబడి ఉండిపోయింది. 1950ల్లో ఐబీఎం టైపురైటర్ల కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన కొరియర్ దీనికి మూలం. టైపురైటర్‌లో రిబ్బన్ సిరా అంటి గీత లావయ్యేది. తెర మీద ఆ సిరా ఏదీ? వెంట్రుకంత గీతలు మిగిలాయి. పైగా సున్నా లోపల అడ్డగీత గానీ చుక్క గానీ లేదు, పక్కన పెద్ద ఓ ఉంటే వెతుక్కోవాల్సిందే.

ఫాంట్ల సైట్లలో చూపించే నమూనాలు నాకు నచ్చవు. పెళ్ళిచూపుల్లో అందరూ బాగానే ఉంటారు. మా ప్రాజెక్టులో అందరూ తిట్టుకునే ఫైలొకటుంది. దాంతోనే ఒక్కో ఫాంటునీ వారం చొప్పున వాడాలనుకున్నాను.

కన్సోలాస్‌తో పేచీ ఏమీ లేదు. సున్నాకి అడ్డగీత ఉంది. కాకపోతే అది విండోస్‌తో వచ్చేది, ఇంట్లో నాది లినక్సు. ఫిరా కోడ్‌లో ఆశ్చర్యార్థకం, ఈక్వల్‌టూ కలిసి, గీతతో కొట్టేసిన ఈక్వల్‌టూలా ఒకే గుర్తుగా మారిపోతాయి. మొదట ముచ్చటేసింది. కొత్తగా చేరిన కుర్రాడు నా స్క్రీన్ చూసి "అన్నా, ఈ గుర్తు కీబోర్డులో ఎక్కడుంది?" అన్నాడు. ఆ రోజే తీసేశాను.

2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనో దగ్గర దాదాపు ఆగిపోయాను. చిన్న అక్షరాలు కూడా ఎత్తుగా ఉంటాయి, అద్దాలు మర్చిపోయిన రోజు కూడా పని నడిచింది. చిక్కల్లా వెడల్పుతో. నేను తెరని రెండు భాగాలు చేసుకుని పనిచేస్తాను. సైజు పెంచితే వంద అక్షరాల లైను సగం తెరలో పట్టదు. అప్పుడు అయోసెవ్కా అనే ఇంకో ఫాంటు చూశాను. దాని అక్షరం వెడల్పు సైజులో సరిగ్గా సగం, జెట్‌బ్రెయిన్స్‌ది పదింట ఆరు వంతులు. అంటే జెట్‌బ్రెయిన్స్ 14 సైజులో తీసుకునే చోటులోనే అయోసెవ్కా ఇంచుమించు 17 సైజులో పడుతుంది. చత్వారం ఉన్నవాడికి ఆ మూడు పాయింట్లు చిన్న లాభం కాదు.

అయోసెవ్కాతో మొదటి రెండు రోజులు మాత్రం ఆర్టీసీ బస్సులో నిలబడ్డ జనంలా అనిపించాయి అక్షరాలు, సన్నగా, ఇరుకుగా. వారం తిరిగేసరికి మిగతావన్నీ లావుగా కనిపించడం మొదలైంది. ఇక మార్చలేదు.

తెలుగు సంగతి వేరే. మా యాప్ పంపే మెసేజీలు తెలుగులో ఉంటాయి. నేను వాడిన వాటిలో ఒక్కదాన్లోనూ తెలుగు అక్షరాలు లేవు, ఎడిటర్ ఏదో ఒక ఫాంట్ అరువు తెచ్చుకుంటుంది. ఏది తేవాలో మనమే చెప్పొచ్చు: వీఎస్ కోడ్ ఎడిటర్ సెట్టింగ్‌లో అయోసెవ్కా తర్వాత కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు అని రాశాను. వత్తులు కింది లైనుకి తగలకుండా లైన్ల మధ్య ఎడం కూడా పెంచాను. అయోసెవ్కాలో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, తెలుగుకి అలా కాదు, అందుకని ఎంత చేసినా నిలువు వరస కుదరదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో ఆరు. ఇక కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో అయితే వత్తులు విడిపోయి ఎటో పోతున్నాయి. అందుకే తెలుగు మెసేజీ ఏది మార్చినా ముందు నా ఫోన్‌కే పంపుకుని చదువుకుంటాను, అద్దాలు పెట్టుకునే.