టోల్ గేటు దగ్గర

"ముందు కారుకి ఫాస్టాగ్ పని చేయకపోతే మన బస్సు ఆగాలా అండీ?"

పక్క సీట్లో ఆవిడ. రావులపాలెంలో ఎక్కారు, రాజమండ్రిలో బట్టల షాపులో పని. తొమ్మిదిన్నర దాటితే సగం రోజు జీతం కోతట. ఒళ్ళో క్యారేజీ, చేతిలో ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్.

ముందు కారాయన ఫోన్ చెవిన పెట్టుకుని ట్యాగ్ రీఛార్జ్ చేయిస్తున్నాడు. యూపీఐలో అయితే టోల్‌కి ఒకటింపావు వంతు కట్టి పోవచ్చు. ఈ ఆలస్యం ఎందుకో నాకర్థం కాలేదు. పక్క సందులోంచి బైకులు సర్రున పోతున్నాయి, వాటికి టోల్ లేదుగా.

ఆ లైన్లో కూర్చుని లెక్క వేశా. ఆడవాళ్ళకి ఉచిత బస్సు, సొంత కార్లకి టోల్ వార్షిక పాస్, రెండూ 2025 ఆగస్టు 15నే మొదలయ్యాయి. పాస్ మొదలైనప్పుడు మూడు వేలు కడితే 200 సార్లు, అంటే గేటుకి 15 రూపాయలు పడేది. ఏడాదిలోపు వాడేయాలి. ఆ మూడు వేలు ఒకేసారి తీయగలిగినవాడికి చవకే.

మా బావది పసుపు బోర్డు కారు, దానికి ఆ పాస్ ఇవ్వరు. అందుకే కిరాయిలన్నీ గేటుకి ఇవతలే చూసుకుంటాడు. "అవతలే డబ్బులున్నాయని తెలుసు, ఆయ్" అంటాడు.

అరవై మందున్న బస్సుకి ఒక వరుస ఖాళీగా వదిలితే ఏం పోతుందో!

దిగేసరికి తొమ్మిదీ యాభై. షాపులో ఏమంటారో అన్నాను.

"అనేదేముందండీ, కోసేస్తారు." చెప్పులు సర్దుకుంటూ ఆటో వైపు పరుగు.